కొర్రమీనా, బొచ్చెనా? బెజవాడ చుట్టుపక్కల ఏ నెలలో ఏ నీటికి గాలం వేయాలి

"ఏ రాడ్ కొనమంటారండీ?" గాలం సరదా కొత్తగా పట్టుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఏ నీటికి వెళ్తారు? ఏ నెలలో వెళ్తారు? వీటికి జవాబు దొరికితే రాడ్ సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. దొరక్కపోతే ఎంత ఖరీదైన రాడ్ అయినా రెండు ఆదివారాలు తిరిగి అటకెక్కుతుంది. మే నెలలో అడుగంటిన కాలువ గట్టున కూర్చుని బొచ్చె కోసం ఎదురుచూసినవాళ్లను చూశాను. ఆగస్టు వరదలో కృష్ణ ఒడ్డు నుంచి రబ్బరు కప్ప ఎర విసిరినవాళ్లనూ చూశాను. కష్టపడే మనుషులే, సరుకూ మంచిదే. నీళ్లు మాత్రం ఆ నెలకు సరిపోయేవి కావు.

కాబట్టి ఇక్కడ చేపను, నీటిని, నెలను పక్కపక్కన పెట్టి చెబుతాను. ఎర, కర్ర ఆ తర్వాత. విజయవాడ, గుంటూరు మధ్య గట్ల మీద ఇరవై ఏళ్లుగా తిరిగి నేర్చుకున్నది, వలవేసే పెద్దవాళ్ల దగ్గర విన్నది, రెండూ ఇందులో ఉన్నాయి.

బాస్ వీడియోలు మనకు ఎంతవరకు పనికొస్తాయి

ఇప్పటి కుర్రాళ్లు చాలామంది యూట్యూబ్‌లో అమెరికా బాస్ వేట చూసి మొదలుపెడుతున్నారు. మంచిదే, కానీ ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో తెలియాలి. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పుట్టిన చేప. 1932లో జార్జియా రాష్ట్రంలో ఒకాయన పట్టినది 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే పది కిలోల పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో ఇంచుమించు అంతే బరువున్నది ఇంకొకటి దొరికి ఆ రికార్డుకు సమానంగా నిలిచింది. మన కృష్ణలో ఆ చేప లేదు.

వాళ్ల క్యాలెండర్ మనకు కుదరదు. బాస్ గుడ్లు పెట్టేది నీటి వేడి సుమారు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. చల్లటి రాష్ట్రాల్లో అది వసంతం. ఫ్లోరిడా లాంటి వెచ్చటి చోట చలికాలం చివర్లోనే మొదలవుతుంది. వాళ్ల లెక్క అంతా థర్మామీటర్ మీద నడుస్తుంది. మన దగ్గర సంక్రాంతి చలిలో కూడా నీళ్లు అంత చల్లబడటం అరుదు. మన చేపలకు గుడ్ల కాలాన్ని చెప్పేది వాన, కొత్తనీరు. అందుకే "ఏప్రిల్‌లో ఒడ్డుకు వస్తాయి" అని వీడియోలో విని ఏప్రిల్‌లో బయల్దేరితే ఇక్కడ ఎండదెబ్బ తప్ప ఏమీ తగలదు.

వాళ్ల చేతి పని మాత్రం మనకు అచ్చంగా పనికొస్తుంది. ఫ్లోరిడాలో, టెక్సాస్‌లో వేసవిలో బాస్ గడ్డి అంచున, నీడపట్టున నక్కి ఉంటుంది. దాన్ని తెల్లవారుజామున పైనీటిలో తేలే ల్యూర్‌తో, అంటే బొమ్మ ఎరతో, రెచ్చగొట్టి పడతారు. మన కొర్రమీను సరిగ్గా అలాంటి వేటగాడే. గుర్రపుడెక్క కింద, తామరాకుల మధ్య కదలకుండా కాచుకుని ఉండి, కప్పో చిన్న పరిగో పక్కనుంచి పోతే ఒక్క ఉదుటున అందుకుంటుంది. కాబట్టి విసరడం, లాగడం వాళ్ల దగ్గర నేర్చుకోండి. ఎప్పుడు, ఎక్కడ అనేది మాత్రం ఇక్కడి కార్తెలను అడగండి.

ముందు చేపను ఎంచుకోండి

మన వైపు గాలానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కొర్రమీను దారి, రెండోది బొచ్చె, శీలావతి దారి. రెండూ ఒకే కర్రతో, ఒకే ఓపికతో అయ్యేవి కావు.

కొర్రమీను గాలి పీలుస్తుంది. మొప్పలతో పాటు తలలో గాలి నిలుపుకునే అర ఒకటి ఉంటుంది కాబట్టి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా దానికి పెద్ద ఇబ్బంది లేదు. కొన్ని నిమిషాలకోసారి పైకి వచ్చి ఒక గుటక వేసి పోతుంది. గట్టున చప్పుడు చేయకుండా పావుగంట కూర్చుంటే ఆ గుటక వినపడుతుంది. నీటి మీద ఒక చిన్న సుడి, ఆకు కదిలినట్టు ఒక అలికిడి, అంతే. దానితో అది ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇంత బాహాటంగా తన చిరునామా చెప్పే చేప మన నీళ్లలో ఇంకోటి లేదు. అది నచ్చినవాళ్లకు కొర్రమీనే సరి. ఈ వేటలో నడవాలి, వెతకాలి, విసరాలి, మళ్లీ నడవాలి. రెండు గంటల్లో రెండు కిలోమీటర్ల గట్టు తిరుగుతారు.

బొచ్చె దారి అలా కాదు. ఒకచోట కూర్చోవాలి, మేత చల్లాలి, చేపను మన దగ్గరకు రప్పించుకోవాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు లోతు విషయంలో. బొచ్చె నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, అది పైనీటిలో తేలే సన్నటి మేత తింటుంది. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. మృగాల అనే ఇంకో చేప నోరు కిందికి ఉంటుంది, అడుగున బురదలో వెతుక్కుంటుంది. ఒకే ముద్దను మూడు లోతుల్లో వేస్తే మూడు రకాల చేపలు పడతాయి. అందరూ ముద్దను అడుగుకు దించేసి, బెండు కదలడం లేదని, ఈ చెరువులో బొచ్చె లేదని తేల్చేస్తారు. అది వాళ్ల తల మీదుగానే తిరుగుతూ ఉంటుంది. బొచ్చె కావాలంటే బెండు కింద దారం రెండు మూడు అడుగులు చాలు. ముద్ద నీళ్లలో మెల్లగా విడిపోతూ తెల్లటి పొగలా పరుచుకోవాలి. దానికి తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం మైదా కలపండి. మైదా ఎక్కువైతే ముద్ద రాయిలా అడుగుకు పోతుంది, పొగ రాదు.

ఇంకో తేడా ఉంది, ఇది డబ్బుతో, మర్యాదతో ముడిపడినది. బొచ్చె, శీలావతి పారే నదిలో, వరదనీటిలో గుడ్లు పెడతాయి కానీ నిలవనీటి చెరువులో పెట్టవు. అంటే ఊరి చెరువులో మీకు కనిపించే బొచ్చె ఎవరో డబ్బు పెట్టి పిల్ల తెచ్చి వదిలినది. చెరువు పాట పాడుకున్నవాళ్లదో, మత్స్యకార సొసైటీదో అయి ఉంటుంది. అడగకుండా దానికి గాలం వేయడం ఒకరి చేలో కంకి కోసుకోవడంతో సమానం. కొర్రమీను చాలాచోట్ల తనంతట తాను వచ్చి చేరేదే. అయినా చెరువు పాటలో ఉంటే అడగాల్సిందే. నేను ఎప్పుడు అడిగినా, "కొర్రమీను పట్టుకోండి, బొచ్చె జోలికి మాత్రం పోవద్దు" అనే మాటే ఎక్కువసార్లు వినపడింది.

ఈ రెండు దారులూ కాక వాలుగ ఉంది. రాత్రి వేట, లోతు మడుగులు, బలమైన దారం. కానీ అది ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న జాతుల జాబితాలోకి చేరింది. పడితే చూసి, ఫొటో తీసుకుని, వదిలేయండి.

నీరు: బ్యారేజీ పైనా, కాలువా, వాన చెరువా

ప్రకాశం బ్యారేజీకి పైన భవానీ ద్వీపం చుట్టూ ఇబ్రహీంపట్నం దాకా పరుచుకున్న నిలవనీరు మనకున్న పెద్ద సరస్సు కిందే లెక్క. కాటన్ దొర కాలంలో 1855 నాటికి కట్టిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. 70 గేట్లు, నిండితే మూడు టీఎంసీలకు కాస్త పైన నీళ్లు. ఎండాకాలంలో కూడా ఇక్కడ నీళ్లు పూర్తిగా పోవు కాబట్టి ఏ నెలలోనైనా ఏదో ఒకటి తగులుతుంది. శీలావతి, బొచ్చె, తిలాపియా, జెల్ల, వాలుగ అన్నీ ఉన్నాయి. అయితే కొత్తవాళ్లకు ఇది కష్టమైన నీరు. విశాలం ఎక్కువ, చేప ఎక్కడైనా ఉండొచ్చు. రాళ్లు పేర్చిన గట్టు అంచు, లంకల పక్క జమ్ము, పడవ రేవుల నీడ, ఈ మూడు చోట్ల తప్ప ఒడ్డు నుంచి వేసి లాభం లేదు.

జూలై నుంచి అక్టోబరు దాకా నది దగ్గరకు వెళ్లేముందు వరద కబురు చూసుకోవాలి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి, ఎన్నడూ లేనంత వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. అంత వరద రానక్కర్లేదు, పులిచింతల నుంచి నీళ్లు వదిలినా లంకల మధ్య నడిచి వెళ్లిన దారి కాసేపట్లో మునిగిపోతుంది. బ్యారేజీ కింద ఇసుక తిన్నెల మీద నిలబడి గాలం వేయడం నేను మానేశాను. ఎవరినీ వేయమని చెప్పను కూడా. గేటు ఎత్తిన చప్పుడు వినపడేసరికే నీళ్లు మోకాలు దాటతాయి.

కాలువల సంగతి వేరు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు వైపు. దుగ్గిరాల లాకుల మీదుగా సాగే కొమ్మమూరు కాలువ పడమటి డెల్టా వైపు. ఖరీఫ్‌కు నీళ్లు వదిలాక ఇవి నిండుగా పారతాయి, ఎండాకాలంలో కట్టేస్తారు. ఈ వదలడం, కట్టేయడం అనే రెండు సందర్భాలే కాలువ వేటకు ప్రాణం. నీళ్లు వదిలిన మొదటి రెండు వారాలు చేప ఎదురెక్కుతుంది, లాకుల కింద, తూముల నోట్లో గుమిగూడుతుంది. కట్టేసే ముందు నీళ్లు తగ్గుతున్నప్పుడు మడుగుల్లోకి చేరుతుంది. నడిమధ్య నిండు ప్రవాహంలో మాత్రం గట్టు మీద కూర్చుంటే కాలక్షేపమే. బెండు నిలవదు, ముద్ద నిలవదు. ఆ రోజుల్లో కాలువ వదిలి, దాని పక్కనే ఉండే మురుగు కాల్వకో, పంట బోదెకో మారండి. నీళ్లు నిదానంగా ఉంటాయి, తూటికాడ నీడ ఉంటుంది, కొర్రమీను అక్కడే ఉంటుంది.

ఊళ్లో నుంచి పారే భాగంలో పట్టిన చేప తినొద్దు. బెజవాడలో ఆ మూడు కాలువల్లోకి ఏం కలుస్తుందో అందరికీ తెలుసు. ఊరు దాటి కొన్ని మైళ్లు వెళ్లండి. అలాగే వరి చేలకు మందు కొడుతున్న వారంలో బోదెల్లో పట్టిన చేపనూ వంటింట్లోకి తేకండి.

ఇక వాన చెరువులు. మైలవరం, నూజివీడు వైపు మెట్ట ప్రాంతంలో వాననీటితో నిండే పాత చెరువులు చాలా ఉన్నాయి. కొర్రమీనుకు నా ఓటు వీటికే. నీళ్లు నిలకడగా ఉంటాయి, కలక త్వరగా తేరుకుంటుంది, అంచులు లోతు తక్కువ, కావలసినంత గడ్డి. ఒక్క మనిషి ఒక్క ఉదయంలో చెరువు మొత్తం అర్థం చేసుకోగలడు. నేర్చుకునేవాళ్లకు అది ఎంత ముఖ్యమో చెప్పలేను. నదిలో ఏడాది తిరిగినా తెలియని సంగతి ఇరవై ఎకరాల చెరువులో నెలలో తెలుస్తుంది.

కొల్లేరు గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట. అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రాంసర్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. సరదాకి రాడ్ పట్టుకుని వెళ్లే చోటు కాదు. దూరదర్శిని పట్టుకుని వెళ్లండి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు కూడా అంతే, అక్కడ కొంగలు, గూడబాతులు పిల్లల్ని పెంచుకుంటాయి. చుట్టూ చెట్లకు ఒక్క తెగిన నైలాన్ దారం వేలాడినా ఒక పక్షి కాలు పోతుంది.

నెలలు ఎలా మారతాయి

వేసవితో మొదలుపెడతాను, అందరూ తప్పుగా అంచనా వేసే కాలం అదే కాబట్టి. బెజవాడ ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో నిలవనీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు పట్టుకునేది ఏడున్నరే. పైగా నాచు, గుర్రపుడెక్క రాత్రంతా పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి ఇంకా తక్కువ. అందుకే మే నెల తెల్లవారుజామున బొచ్చెలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. అప్పుడు ముద్ద వేసినా ముట్టవు. ఆ చేపల్ని అలా ఉండగా పట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఎండ కొంచెం ఎక్కి, నాచు మళ్లీ పని మొదలుపెట్టాక, ఎనిమిది, తొమ్మిది గంటలకు బొచ్చె తేరుకుంటుంది. వేసవిలో దానికి గాలం వేయాలంటే ఆ గంట, లేదంటే గాలి వీచే సాయంత్రం.

కొర్రమీనుకు ఈ బాధ లేదు. గాలి పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున అయిదున్నరకే వేటలో ఉంటుంది. వేసవిలో చెరువు తగ్గి, చేపంతా కొంచెం నీళ్లలోకి చేరుతుంది. మార్చి, ఏప్రిల్ ఉదయాలు కొర్రమీను వేటకు ఏడాదిలోకెల్లా నిశ్చయమైనవి. ఏడున్నరకు ముగించుకోండి. ఆ తర్వాత అది బురదలోకి, నీడలోకి పోతుంది, మీరూ ఇంటికి పోవాలి. రోహిణి కార్తెలో పది గంటలకు గట్టు మీద ఉండటం మనిషికి మంచిది కాదు.

మృగశిర వచ్చేసరికి కథ తిరగబడుతుంది. మృగశిర నాడు చేప తినాలని మనవాళ్ల ఆనవాయితీ. ఆ రోజు కొర్రమీను ధర చుక్కలు చూపిస్తుంది కాబట్టి గాలం వేసేవాళ్లకు ఆశ ఎక్కువ. తొలకరి పడి, చెరువులోకి కొత్తనీరు దిగినప్పుడు కొర్రమీను నిజంగానే పిచ్చిగా తిరుగుతుంది. తడి నేల మీద పాకుతూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోవడం నేను కళ్లారా చూశాను. ఇదే దాని గుడ్ల కాలం కూడా. గడ్డి మధ్య కొంత చోటు శుభ్రం చేసి, తేలే గుడ్లు పెట్టి, తల్లిదండ్రులు రెండూ కాపలా ఉంటాయి. గుడ్లు పగిలాక పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో ఒక ముద్దలా నీటి మీద కదులుతుంటాయి. ఆ ముద్ద కింద, ఒక అడుగు లోతున పెద్ద చేప ఉంటుంది. ఆ ఎర్ర ముద్ద పక్కన ఏం వేసినా అది వచ్చి కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చిందనే కోపంతో.

చాలా వీడియోల్లో పెద్ద కొర్రమీను పట్టేది ఇలాగే. ఇది ఏడాదిలో అన్నింటికన్నా తేలికైన వేట. దయచేసి ఇది చేయకండి. కాపలా చేప పోయిన గంటలోపే తిలాపియాలు, జెల్లలు, కొంగలు ఆ ముద్దను ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం కొన్ని వందల పిల్లలు పోతాయి. వచ్చే మూడేళ్ల చెరువు అది. నా చిన్నప్పుడు కొమ్మమూరు కాలువ గట్టున వల బాగుచేసుకుంటూ ఉండే ఒక పెద్దాయన ఉండేవాడు. ఎర్ర ముద్ద చూపించి, "బాబాయ్, ఇక్కడ వెయ్యనా?" అని ఉత్సాహంగా అడిగాను. ఆయన నా చేతిలో కర్ర తీసుకుని పక్కన పెట్టాడు. "పిల్లల తల్లిరా అది. రేపు దసరాకి రా, దాని పక్కనోణ్ణి పడదాం" అన్నాడు. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఎర్ర ముద్ద కనిపిస్తే నేను ఇప్పటికీ ఆ చెరువు వదిలి ఇంకో గట్టుకు పోతాను.

మరి వానాకాలంలో ఏం చేయాలి? కాలువ దగ్గరకు పోండి. నీళ్లు వదిలిన కొత్తల్లో తూముల దగ్గర ఎర్రలతో జెల్ల, పరిగ, చిన్న శీలావతి బాగా పడతాయి. నీరు ఎర్రగా ఉంటుంది కాబట్టి కంటితో చూసి వేటాడే చేపకు ఏమీ కనిపించదు, వాసనతో తినేదే వస్తుంది. ల్యూర్‌లు ఇంట్లో పెట్టి వానపాములు తీసుకెళ్లండి. భారీ వరద తర్వాత పెంపకపు చెరువులు పొంగి రూప్‌చంద్, పంగాసియస్ లాంటివి కాలువల్లో తగలడం మామూలే. అవి ఈ నీటి చేపలు కావు, పడితే తిరిగి వదలక్కర్లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా నా లెక్కలో ఏడాదిలో మంచి కాలం. చిత్త, స్వాతి వానలు వెలిసి, నీళ్లు తేరుకుని, ఎండ తగ్గుతుంది. కొర్రమీను పిల్లల పని ముగించుకుని మళ్లీ తిండి మీద పడుతుంది. బొచ్చె రోజంతా తింటుంది. నవంబరులో కోతల ముందు పొలాల్లో నీళ్లు తీసేస్తే, చేలల్లో పెరిగిన కొర్రమీనంతా బోదెల గుండా మురుగు కాల్వల్లోకి దిగుతుంది. తుపాను వచ్చే ముందు రోజు, మబ్బు పట్టి గాలి ఆగినప్పుడు, చేప ఒంటి మీద స్పృహ లేకుండా తింటుంది. అయితే ఇదే కార్తీక మాసం, చాలా ఇళ్లలో నీచు ముట్టరు. మా ఇంట్లో కూడా అంతే. ఆ నెల నేను కొక్కెం ఎదురు ముల్లు పట్టకారుతో నొక్కేసి, పట్టినది పట్టినట్టే వదిలేస్తాను. పట్టి వదలడం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకు కార్తీకం కన్నా మంచి నెల లేదు.

ధనుర్మాసంలో మంచు తెరల మధ్య తెల్లవారుజామున వెళ్లడం వృథా. నీరు చల్లగా ఉండి చేప మందంగా ఉంటుంది. తొమ్మిదికి బయల్దేరి, ఎండ తగిలే ఒడ్డున, లోతు తక్కువ చోట వేయండి. ల్యూర్‌ను వేసవిలో లాగిన దానికి సగం వేగంతో లాగండి.

ఎర, కర్ర

ఇప్పుడు రాడ్ మాట. కొర్రమీనుకు ఏడడుగుల లోపు, కొంచెం గట్టి స్పిన్నింగ్ రాడ్, 3000 సైజు రీలు, 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం. దారం ఎందుకంత బలంగా అంటే చేప బరువు కోసం కాదు, గుర్రపుడెక్క బరువు కోసం. రెండు కిలోల చేప అయిదు కిలోల గడ్డిని చుట్టుకుని వస్తుంది. మామూలు నైలాన్ దారం సాగుతుంది, ఆ సాగుడులోనే చేప గడ్డిలోకి దూరి తప్పించుకుంటుంది. బొచ్చెకు ఇదంతా అక్కర్లేదు. పొడవైన మెత్తటి కర్ర, 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం, తేలికైన బెండు. ఇక్కడ దారం సాగడమే మేలు, బొచ్చె పెదవి మెత్తన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. రెంటికీ ఒకే సెట్ కావాలంటే కొర్రమీను రాడ్ కొని, రీలుకు దారం చుట్టే రెండో చక్రం తీసుకుని దాని మీద నైలాన్ చుట్టుకోండి. రెండు, మూడు వేలలో మొదలుపెట్టవచ్చు. అంతకు మించి మొదటి ఏడాది ఖర్చు పెట్టకండి.

కార్బన్ రాడ్ కరెంటును పట్టుకుంటుంది. మన కాలువ గట్ల వెంట మోటార్ల తీగలు కిందికి వేలాడుతుంటాయి. విసిరేముందు తల పైకెత్తి చూడండి, రాడ్ మడిచి నడవండి. గట్టు మీద టార్చి, బూట్లు లేకుండా తెల్లవారుజామున అడుగు పెట్టకండి, వరిగట్లు రక్తపింజరకు ఇష్టమైన చోట్లు.

బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చడం పాత పద్ధతి. పడుతుంది, కాదనను. కానీ రబ్బరు కప్ప అంతే బాగా పడుతుంది, గడ్డికి చిక్కుకోదు, ఒక్కటి ఏడాది వస్తుంది. చేలల్లో పురుగులు తినే కప్పను వదిలేయండి. గుటక వినపడిన చోటికి సూటిగా వేయకండి. దాని మీద పడితే బెదిరి పోతుంది. నాలుగైదు అడుగులు అవతలికి విసిరి, ఆకుల మీదుగా మెల్లగా లాక్కుంటూ ఆ చోటి దగ్గర ఒక్క క్షణం ఆపండి. చేప కొట్టగానే లాగేయకూడదు. నీళ్లు పగిలిన చప్పుడుకి చెయ్యి దానంతట అదే లేస్తుంది. దాన్ని అదుపు చేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దారం బిగిసి బరువు తెలిసేదాకా, ఒకటి రెండు లెక్కపెట్టి, అప్పుడు గట్టిగా ఒక్క లాగు. స్పూన్, స్పిన్నర్ లాంటి మెరిసే ఇనుప ల్యూర్‌లు గడ్డి లేని అంచుల్లో, తేరిన నీటిలో, నవంబరు తర్వాత బాగుంటాయి. వేసవి గడ్డిలో వేస్తే పోగొట్టుకోవడమే.

మందు కలపడం, తోటా పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. బ్యాటరీ తీగలతో షాక్ కొట్టి పట్టడం ఇప్పుడు బోదెల్లో ఎక్కువైంది. అది చూస్తే నాకు కడుపు మండిపోతుంది. అలాంటి చోట ఆ సీజన్‌లో గాలానికి ఏమీ మిగలదు, ఊరి పెద్దలకు చెప్పండి.

ఎవరికి ఏది

ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం ఒక్కటే దొరికేవాళ్లు, నడిచే ఓపిక ఉన్నవాళ్లు: మార్చి, ఏప్రిల్‌లో, మళ్లీ నవంబరులో, మెట్ట చెరువు, కొర్రమీను. కూర్చుని మాట్లాడుకుంటూ పట్టాలనుకునే స్నేహితులు: అక్టోబరు, నవంబరుల్లో బ్యారేజీ పైన, బొచ్చె, శీలావతి. గుంటూరు వైపు ఉండి బెజవాడ దాకా రాలేనివాళ్లు: జూలైలో నీళ్లు వదలగానే దుగ్గిరాల దిగువ కాలువల వెంట తూములు, బోదెలు. రెంటి మధ్య తేల్చుకోలేకపోతే కొర్రమీను వైపే మొగ్గండి. నీటిని చూడటం, వినడం అదే నేర్పుతుంది, ఆ తర్వాత బొచ్చె తేలికవుతుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు మాత్రం ఇవేవీ వద్దు. వాన వెలిసిన ఆదివారం, అడిగి సరేననిపించుకున్న చెరువు, ఆరడుగుల వెదురు కర్ర, సన్న దారం, నెమలి ఈక కాడతో బెండు, అతి చిన్న కొక్కెం, చిటికెడు ఎర్ర. రీలు వద్దు. గట్టు ఏటవాలుగా లేని చోటు చూసుకుని, పిల్లవాణ్ణి మీ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి. పావుగంటలో పరిగ పడుతుంది. వేలెడంత ఉంటుంది, వెండిలా మెరుస్తుంది. జెల్ల పడితే పిల్లవాడి చేత పట్టించకండి, రెక్క ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది. చెయ్యి తడిపి, మీరే విడిపించి, నీళ్లలోకి దించండి.